కంటి చుక్కల సీసా

మాదాపూర్‌లో ఒక పెద్ద కట్టడం ఉంది. పన్నెండు అంతస్తులు. బయట అంతా అద్దాలు. లోపల అంతా చల్లగాలి. ఆ కట్టడంలో ఒక తల్లి ఊడ్చే పని చేస్తుంది. కంపెనీ వాళ్ళు ఆ పనిని హౌస్‌కీపింగ్ అంటారు. ఏ పేరు పెట్టినా నడుము నొప్పి ఒకటే.

ఈ చోటు ఎప్పుడూ ఇట్లా లేదు. ఒకప్పుడు మాదాపూర్ చిన్న ఊరు. చుట్టూ బండరాళ్ళు, తుప్పలు. 1998 నవంబరులో ఇక్కడ సైబర్ టవర్స్ మొదలైంది. అప్పటి ప్రధానమంత్రి వాజ్‌పేయి వచ్చి ప్రారంభించారు. ఆ తరువాత గచ్చిబౌలి దాకా, నానక్‌రామ్‌గూడ దాకా కంపెనీలు లేచాయి. హైటెక్ సిటీ అన్నారు. సైబరాబాద్ అన్నారు. ఇప్పుడు ఇక్కడ లక్షల మంది కంప్యూటర్ల ముందు కూర్చొని పని చేస్తారు. పగలు కొందరు, రాత్రి కొందరు.

ఆ తల్లి రోజూ పొద్దున ఆరు గంటలకు పనిలోకి పోతుంది. బల్లలు తుడుస్తుంది. చెత్తబుట్టలు ఖాళీ చేస్తుంది. చాలా బల్లల మీద ఒక చిన్న తెల్ల సీసా కనిపిస్తుంది. అది కంట్లో వేసుకునే చుక్కల మందు. చెత్తబుట్టల్లో కూడా అవే సీసాలు. కొన్ని ఖాళీవి, కొన్ని సగం ఉన్నవి. మొదట ఆమె పట్టించుకోలేదు.

ఆమె ఇల్లు బోరబండలో. రెండు గదులు. భర్త ఆటో నడుపుతాడు. మామ ముసలివాడు. ఆయనకు కళ్ళలో నీటికాసులు. దాన్నే డాక్టర్లు గ్లకోమా అంటారు. ఒక్క బిడ్డ. డిగ్రీ చదివింది. గచ్చిబౌలిలో ఒక కంపెనీలో రాత్రి డ్యూటీ చేస్తుంది. రాత్రి తొమ్మిదికి క్యాబ్ వస్తుంది. పొద్దున ఏడుకు దింపుతుంది. ఆ తొమ్మిది, పది గంటలూ కంప్యూటర్ ముందే.

ఒక ఆదివారం తల్లి మంచం కింద ఊడుస్తోంది. చీపురుకు ఏవో తగిలాయి. బయటికి లాగింది. ఏడు చిన్న సీసాలు. అన్నీ ఖాళీవే. ఆఫీసులో చూసే సీసాల్లాంటివే.

బిడ్డ నిద్ర లేచింది. రెండు కళ్ళూ నిప్పుల్లా ఎర్రగా ఉన్నాయి.

"ఏంది బిడ్డా ఇవి? కండ్లు గట్ల ఎర్రగున్నయేంది?"

"ఏం లేదమ్మా. కంప్యూటర్ చూసి చూసి మండుతయి. చుక్కలేసుకుంటే చల్లగైతది. ఎరుపు పోతది."

"ఎవరిచ్చిన్రు?"

"మెడికల్ షాపుల అడిగిన. ఇచ్చిండు. మా ఆఫీసుల అందరూ ఏస్కుంటరు."

"రోజుకెన్ని సార్లు?"

బిడ్డ వేళ్ళు మడిచి లెక్క పెట్టింది. "ఎనిమిది సార్లు గావచ్చు. ఒక్కోనాడు ఎక్కువ."

"ఎన్నాళ్ళ సంది?"

"మూడు నెలలైతుంది."

తల్లి ఏమీ అనలేదు. ఒక సీసా తీసుకొని వెలుతురులోకి పోయింది.

ఆమె రెండేళ్ళ కింద బస్తీలోని రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంది. తెలుగు చదువుతుంది. బస్సు మీద బోర్డు చదువుతుంది. సీసా తిప్పి తిప్పి చూసింది. ఒక్క తెలుగు అక్షరం లేదు. అంతా ఇంగ్లీషు. అది కూడా చీమ తలకాయంత అక్షరాలు. మందు వేసుకునేది తెలుగువాళ్ళు, సీసా మీద తెలుగు లేదు. ఇది ఎవరికీ తప్పుగా తోచకపోవడం వింతే.

కానీ అంకెలు ఉన్నాయి. అంకెలు ఆమెకు వచ్చు. 5 అని ఉంది. పక్కన మి.లీ. అని బిడ్డ చదివి చెప్పింది. మందు గడువు తీరే నెల, సంవత్సరం ఉన్నాయి. ఒక మూలన 0.01 అని ఉంది. దాని పక్కన పొడుగాటి పేరు ఉంది.

"గిదేం పేరు?"

బిడ్డ కూడబలుక్కొని చదివింది. "బెం–జాల్–కో–నియం క్లో–రైడ్."

"అదే మందా?"

"కాదు. మందు పేరు పైన వేరే ఉంది. ఇది ప్రిజర్వేటివ్ అని రాసిండు."

ప్రిజర్వేటివ్ అంటే ఏమిటో ఇద్దరికీ తెలియదు.

తల్లి లెక్క వేసింది. ఒక మిల్లీలీటరులో సుమారు 20 చుక్కలు ఉంటాయి. 5 మిల్లీలీటర్లలో సుమారు 100 చుక్కలు. బిడ్డ రోజుకు 8 సార్లు వేస్తుంది. రెండు కళ్ళకు 16 చుక్కలు. ఆరు రోజులకు ఒక సీసా అయిపోతుంది. మంచం కింద 7 సీసాలు. అంటే 42 రోజులవి. మిగిలినవి ఆఫీసు చెత్తబుట్టలో పడి ఉంటాయి. ఆ బుట్టలు ఖాళీ చేసేది తనలాంటి మరో తల్లి.

మరునాడు ఇద్దరూ కంటి ఆస్పత్రికి పోయారు.

డాక్టరమ్మ ఖాళీ సీసా అడిగింది. తల్లి ఏడు సీసాలూ సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ ఆశ్చర్యపోయింది. "చాలా మంచి పని చేశారు. చాలామంది సీసా తేకుండానే వస్తారు. ఏదో తెల్ల సీసా అంటారు. తెల్ల సీసాలు వంద రకాలు ఉంటాయి" అంది.

బిడ్డ కంటికి సన్నని కాగితం పట్టీ తాకించింది. పట్టీకి పసుపు రంగు ఉంది. తరువాత నీలి వెలుగులో చూసింది. తల్లిని కూడా పిలిచి చూపింది. నల్లగుడ్డు మీద ఆవగింజల్లా ఆకుపచ్చ చుక్కలు మెరుస్తున్నాయి.

"ఆ చుక్కలు ఏందమ్మా?"

"పైపొర దెబ్బతిన్న చోట ఆ రంగు అంటుకుంటుంది. మోకాలు గీసుకుపోతే చర్మం లేస్తుంది చూడండి. అట్లాంటిదే. కాకపోతే కంటికి కనబడనంత చిన్నది."

డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. నల్లగుడ్డు మీద గడియారం అద్దంలాంటి పొర ఉంటుంది. దాన్ని కన్నీరు ఎప్పుడూ తడిపి ఉంచుతుంది. మన కన్నీరు ఉత్త నీళ్ళు కాదు. పైన పల్చటి నూనె పొర ఉంటుంది. మధ్యలో నీళ్ళు. అడుగున జిగురు. నూనె ఉంటేనే నీళ్ళు తొందరగా ఆరవు. రెప్ప కొట్టిన ప్రతిసారీ ఈ తడి కన్నంతా పరుచుకుంటుంది. మామూలుగా మనిషి నిమిషానికి 15 సార్లు దాకా రెప్ప కొడతాడు. కంప్యూటర్ చూసేటప్పుడు అది సగానికి పడిపోతుంది. ఒక్కోసారి ఇంకా తగ్గుతుంది. పైగా ఏసీ గాలి. కన్ను ఎండిపోతుంది. మండుతుంది. ఎర్రబడుతుంది.

"మరి చుక్కలు వేసుకుంటే తగ్గుతుంది కదా మేడం?" అని బిడ్డ అడిగింది.

"నువ్వు వేసుకున్నది తడి చుక్క కాదమ్మా. ఎరుపు పోగొట్టే చుక్క. ఇందులో నాఫాజోలిన్ అనే మందు ఉంది. అది కంట్లో సన్నని రక్తనాళాలను బిగిస్తుంది. కన్ను తెల్లబడుతుంది. మందు దిగిపోగానే నాళాలు మళ్ళీ ఉబ్బుతాయి. ముందుకంటే ఎక్కువ ఎర్రబడుతుంది. నువ్వు మళ్ళీ వేస్తావు. ఇది రెండు మూడు రోజులు వాడే మందు. మూడు నెలలు వాడేది కాదు."

తల్లి సీసా మీద 0.01 అంకెను వేలితో చూపింది. "ఇదేందమ్మా? ప్రిజర్వేటివ్ అంట."

డాక్టరమ్మ నవ్వింది. "మీ ఇంట్లో ఆవకాయ పెడతారా?"

"పెడతం."

"ఉప్పు, నూనె ఎందుకు వేస్తారు?"

"చెడిపోకుండ."

"అంత ఉప్పు వేసిన పచ్చట్లో తడి గరిటె పెడితే?"

"బూజు పడ్తది. అందరం ఒక్కసారి ఏడ్వాలె."

"ఇది కూడా అంతే. సీసా మూత తీసే దాకా లోపల క్రిములు లేవు. మూత తీశాక గాలి తగులుతుంది. చెయ్యి తగులుతుంది. సీసా మూతి రెప్పకు తగులుతుంది. అదే తడి గరిటె. అట్లా పోయిన క్రిములు లోపల పెరగకుండా ఒక మందు కలుపుతారు. అదే ప్రిజర్వేటివ్. నిలవ ఉంచే మందు. ఎక్కువ సీసాల్లో కలిపేది ఈ బెంజాల్కోనియం క్లోరైడే. 0.01 శాతం అంటే పదివేల పాళ్ళలో ఒక పాలు. పది లీటర్ల బకెట్ నీళ్ళలో ఒక్క గ్రాము."

"గంత తక్కువనా?"

"తక్కువే. కానీ దానికి సబ్బులాంటి గుణం ఉంది. అది క్రిమి ఒంటి మీది పొరను చీలుస్తుంది. క్రిమి చస్తుంది. సబ్బుకు జిడ్డు గిన్నె, మంచి గిన్నె తేడా తెలియదు కదా. అట్లనే ఇది కన్నీటి మీది నూనె పొరను కూడా చెదరగొడుతుంది. నల్లగుడ్డు మీది పైపొరను కూడా గీకుతుంది. రోజుకు రెండు మూడు చుక్కలు, ఒక వారం వేసుకుంటే కన్ను తట్టుకుంటుంది. తిరిగి బాగైపోతుంది. రోజుకు ఎనిమిది సార్లు, మూడు నెలలు వేస్తే? బాగుపడే సందు ఎక్కడ ఉంది? ఎండిన కంటికి మందు అనుకొని ఇంకా ఎండబెట్టుకున్నారు."

మెత్తని కాంటాక్టు లెన్సులు పెట్టుకునేవాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. ఈ నిలవ మందు లెన్సు పీల్చుకుంటుంది. తరువాత చాలాసేపు కంటికి తగులుతూనే ఉంటుంది. అందుకే లెన్సులు తీసి చుక్క వేయాలి. కనీసం పావుగంట ఆగి మళ్ళీ పెట్టుకోవాలి.

ఇంత విన్నాక తల్లికి కోపం వచ్చింది. "కండ్లకు చెడు చేసేది సీసల ఎందుకు కలపనిస్తున్నరు? సర్కారు బందు చెయ్యొద్దా?" అని అడిగింది.

ఆ మాట చాలామందికి తోచేదే. దానికి జవాబు తెలియాలంటే చెన్నై దగ్గర తయారైన ఒక మందు కథ తెలియాలి.

చెన్నై దగ్గర గ్లోబల్ ఫార్మా హెల్త్‌కేర్ అనే కంపెనీ ఉంది. అది ఎండిన కళ్ళకు తడి చుక్కలు తయారు చేసింది. వాటిని అమెరికాలో ఎజ్రీకేర్ అనే పేరుతో అమ్మారు. ఆ చుక్కల్లో నిలవ మందు లేదు. అదే గొప్పగా చెప్పి అమ్మారు. కానీ సీసా మాత్రం మామూలుదే. రోజూ మూత తీసి, మళ్ళీ పెట్టి, చాలా రోజులు వాడే సీసా. అంటే ఉప్పు లేని పచ్చడిని జాడీలో పెట్టి వారాల తరబడి తిన్నట్టు.

2023 జనవరిలో అమెరికా ఆరోగ్య అధికారులు హెచ్చరిక ఇచ్చారు. ఫిబ్రవరి 2న ఆ చుక్కలు ఎవరూ వాడవద్దని అక్కడి మందుల శాఖ చెప్పింది. కంపెనీ సరుకును వెనక్కు పిలిచింది. సూడోమోనాస్ అనే క్రిమి వల్ల జబ్బు వచ్చింది. అది మామూలు మందులకు చావని రకం. వాడిన సీసాల్లో ఆ క్రిమి దొరికింది. 2023 మే నెల దాకా వేసిన లెక్క ఇది: 18 రాష్ట్రాలలో 81 మందికి ఆ క్రిమి సోకింది. 14 మందికి చూపు పోయింది. నలుగురికి కన్నే తీసేయవలసి వచ్చింది. నలుగురు చనిపోయారు. చాలా రోజులు వాడే సీసాలో సరిపడా నిలవ మందు లేకపోవడం ఒక తప్పు అని అమెరికా మందుల శాఖ అంది. క్రిములున్నాయో లేవో సరిగా పరీక్షించలేదని కూడా అంది. కంపెనీ దగ్గర తీసిన నమూనాల్లో క్రిములు కనబడలేదని తమిళనాడు అధికారులు 2023 ఏప్రిల్‌లో చెప్పారు. ఎవరి మాట ఎట్లా ఉన్నా, పోయిన కళ్ళు పోయాయి.

మన దేశంలో దీనికి నియమాలు ఉన్నాయి. అవి 1945 నాటివి. మందుల నియమాలలో కంటి మందులకు వేరే పట్టిక ఉంది. అందులో నిలవ మందుల పేర్లు ఉన్నాయి. ఎంత కలపాలో కూడా ఉంది. ఆపరేషన్‌లో వాడే కంటి మందులో మాత్రం నిలవ మందు ఉండకూడదు. దాన్ని ఒక్కసారికే వాడి పారేసేటట్టు కట్టాలి. ఎందుకంటే అది కంటి లోపలికి పోతుంది. సీసా మీద ఏమి రాయాలో కూడా ఆ నియమాలే చెబుతాయి. నిలవ మందు పేరు, దాని పాలు రాయాలి. మూత తీశాక నెల లోపల వాడాలి అని రాయాలి. సీసా మూతిని దేనికీ తాకించవద్దు అని రాయాలి. మంట తగ్గకపోతే మందు ఆపి డాక్టరుకు చూపించాలి అని రాయాలి. రాస్తున్నారు కూడా. చీమ తలకాయంత అక్షరాలతో, ఇంగ్లీషులో.

అందుకే డాక్టరమ్మ తల్లికి ఇట్లా చెప్పింది. "నిలవ మందు శత్రువు కాదు. అది కావలికుక్కలాంటిది. దొంగను కరుస్తుంది. ఎక్కువ కెలికితే ఇంట్లోవాళ్ళనూ కరుస్తుంది. రోజుకు నాలుగు సార్లకు మించి, నెలల తరబడి తడి చుక్కలు వేసుకోవాల్సిన వాళ్ళకు నిలవ మందు లేనివి మంచివి. అవి రెండు రకాలుగా దొరుకుతాయి. ఒకటి చిన్న చిన్న గొట్టాలు. ఒక్కోటి ఒక్కసారికి. రెండోది ప్రత్యేకమైన సీసా. దాని మూతిలో జల్లెడ, కవాటం ఉంటాయి. చుక్క బయటికి వస్తుంది, క్రిమి లోపలికి పోలేదు. రెండూ ధర ఎక్కువే."

బిడ్డకు గొట్టాల మందు రాసింది. ఎరుపు పోగొట్టే చుక్కలు ఆపమంది. ఆపాక మొదటి వారం ఎరుపు ఎక్కువ కనబడవచ్చు, భయపడవద్దు అంది. కంప్యూటర్ ముందు 20 నిమిషాలకు ఒకసారి తల తిప్పి దూరంగా చూడమంది. గుర్తు పెట్టుకొని రెప్పలు కొట్టమంది. ఏసీ గాలి నేరుగా ముఖానికి కొట్టే చోట కూర్చోవద్దంది. "సీటు మార్చమంటే మా టీమ్ లీడర్ ఒప్పుకోడు మేడం" అంది బిడ్డ. డాక్టరమ్మ చీటీ మీద ఆ మాట కూడా రాసి ఇచ్చింది.

ఇంటికి వచ్చాక తల్లి గొట్టం చూసింది. రెండు కళ్ళలో వేశాక ఇంకా కొంచెం మిగిలింది. పారేయడానికి చెయ్యి రాలేదు. "రేపటికి ఉంచుదమా?" అంది.

"వద్దమ్మా. అందుల ఉప్పు లేదు" అంది బిడ్డ.

తల్లి పారేసింది. పారేస్తూ ధర గుణించుకుంది.

పక్కింటి ఆమె వచ్చి సీసాలన్నీ చూసింది. ఎరుపు చుక్కలు మిగిలితే ఇమ్మంది. పిల్లవాడికి కళ్ళకలక వచ్చిందట. తల్లి ఇవ్వలేదు. ఒకరి సీసా ఇంకొకరు వాడితే కళ్ళకలక ఇల్లిల్లూ తిరుగుతుంది. 2023 జూలై, ఆగస్టు నెలల్లో హైదరాబాద్‌లో ఇంటింటా కళ్ళకలక వచ్చింది. అప్పుడు చాలామంది దుకాణంలో అడిగి చుక్కలు తెచ్చుకున్నారు. కొన్ని చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటుంది. అది ఎరుపును ఒక్క రోజులో మాయం చేస్తుంది. అందుకే జనానికి అది నచ్చుతుంది. డాక్టరు చెప్పకుండా ఎక్కువ రోజులు వేస్తే కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. శుక్లం వస్తుంది. పిల్లల కళ్ళకు ఇది మరీ ప్రమాదం. చనుబాలు, ఆముదం, ఆకు పసరు కూడా కంట్లో పోయవద్దు. వాటిలో క్రిములు ఉంటాయి. ఇంకొక మాట. ఫెవిక్విక్ లాంటి జిగురు సీసాను చుక్కల సీసా దగ్గర పెట్టవద్దు. చీకట్లో ఒకటి అనుకొని ఇంకొకటి వేసుకున్నవాళ్ళు ఉన్నారు.

మూడు వారాలు గడిచాయి. బిడ్డ కళ్ళు తెల్లబడ్డాయి. మంట పూర్తిగా పోలేదు కానీ చాలా తగ్గింది. సీటు కూడా మారింది.

అయితే ఆ ఇంట్లో ఇంకో సీసా ఉంది. తాత సీసా.

తాతకు నీటికాసులు వచ్చి నాలుగేళ్ళు. రాత్రి పడుకునే ముందు కంటికి ఒక చుక్క వేసుకోవాలి. ఆ మందు పేరు లాటానోప్రోస్ట్. సీసా చిన్నది. రెండున్నర మిల్లీలీటర్లు. మూత తీసిన రోజు తేదీ సీసా మీద రాయాలని డాక్టరమ్మ చెప్పింది కదా. తల్లి ఆ రోజే తాత సీసా మీద కూడా తేదీ రాసింది. నెల దాటింది. కొత్త సీసా తేవాలని పాతది చేతిలోకి తీసుకుంది. వెలుతురుకు పెట్టి చూసింది. రెండు కళ్ళకు, నెల రోజులకు 60 చుక్కలు పోవాలి. సీసా దాదాపు ఖాళీ కావాలి. ఇది సగానికి పైగా ఉంది.

"మామా, చుక్కలు ఏస్కుంటున్నవా?"

"ఏస్కుంటున్న."

"మరి మందు గట్లనే ఉంది?"

తాత కొంచెంసేపు పలకలేదు. "నువ్వే చెప్పినవు గదనే. అండ్ల కండ్లను గీకే మందు ఉంటదని. నాకు ఏసినప్పుడల్ల మండుతది. దాంతోనే మండుతదని ఆపిన. ఇప్పుడు సల్లగుంది."

తల్లికి గుండె జారింది. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు ఆమె అందరికీ చెప్పింది. ఉత్సాహంగా చెప్పింది. తాత మంచం మీద పడుకొని విన్నాడు. సగం విన్నాడు. గీకే మందు అన్నది విన్నాడు. కావలికుక్క అన్నది వినలేదు.

మరునాడే ఆయనను తీసుకుపోయారు. డాక్టరమ్మ కంటి ఒత్తిడి కొలిచింది. పోయినసారి 16 ఉంది. ఇప్పుడు 29. మామూలుగా అది 10కి, 21కి మధ్య ఉంటుంది. తరువాత ఇంకో పరీక్ష చేశారు. ఒక గిన్నెలాంటి యంత్రంలో తల పెట్టించారు. అక్కడక్కడ వెలుగు చుక్కలు వస్తాయి. కనబడినప్పుడు బటన్ నొక్కాలి. ఎడమ కంటికి ముక్కు వైపు కొన్ని చుక్కలు కనబడలేదు. పాత పరీక్షలో అవి కనబడ్డాయి.

"ఇది తిరిగి వస్తదా అమ్మా?" అని తల్లి అడిగింది.

"రాదు. నీటికాసులలో పోయిన చూపు ఆపరేషన్ చేసినా రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవడమే. ఈ జబ్బులో నొప్పి ఉండదు. పక్క చూపు మెల్లగా పోతుంది. మనిషికి తెలియనే తెలియదు."

తాత తల దించుకున్నాడు. "మండుతుంటే ఆపిన డాక్టరమ్మా."

డాక్టరమ్మ ఆయనను తిట్టలేదు. "మీరు చెప్పింది నిజమే తాతా. మీ మందులో నిలవ మందు 0.02 శాతం. మీ మనవరాలి సీసాలో ఉన్నదానికి రెండింతలు. ఏళ్ళ తరబడి వేసుకుంటే మంట వస్తుంది. కానీ మీరు వేసుకునేది రోజుకు ఒక్కసారి. ఆమె ఎనిమిది సార్లు. మీ చుక్క చూపును నిలబెడుతుంది. ఆమె చుక్క ఎరుపును దాచింది. రెండూ ఒకటి కాదు. మంట ఉంటే నా దగ్గరికి రావాలి. మందు ఆపొద్దు. ఇదే మందు నిలవ మందు లేకుండా కూడా వస్తుంది. వేరే రకాలూ ఉన్నాయి. మార్చి ఇస్తాను" అంది.

మార్చి ఇచ్చింది. ధర ఎక్కువే. తల్లి ముఖం చూసి డాక్టరమ్మకు అర్థమైంది. మెహదీపట్నంలో సరోజినీ దేవి కంటి ఆస్పత్రి ఉంది, అది సర్కారు దవాఖానా అని చెప్పింది. బంజారా హిల్స్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి 1987 నుంచి ఉంది, బీదవాళ్ళకు అక్కడ ఉచితంగా చూస్తారు అని చెప్పింది. దూరమైనా మందు మానడం కంటే అది మేలు అంది.

చుక్క వేసే పద్ధతి కూడా మళ్ళీ చూపించింది. నాలుగేళ్ళుగా తాత తప్పుగా వేసుకుంటున్నాడని అప్పుడు తెలిసింది. ఆయన సీసా మూతిని రెప్పకు ఆనించి పిండేవాడు. మూడు నాలుగు చుక్కలు చెంప మీదికి కారేవి. అట్లా కాదు. ముందు చేతులు కడుక్కోవాలి. తల వెనక్కు వాల్చాలి. కింది రెప్పను వేలితో లాగితే చిన్న సంచిలా అవుతుంది. అందులో ఒక్క చుక్క వేయాలి. కంట్లో ఒక్క చుక్కకే చోటు ఉంది. రెండోది వేస్తే బయటికి కారుతుంది. తరువాత కన్ను మెల్లగా మూయాలి. ముక్కు పక్కన, కంటి మూలలో వేలితో నొక్కాలి. రెండు నిమిషాలు అట్లనే ఉంచాలి. కంటి మూల నుంచి ముక్కులోకి సన్నని కాలువ ఉంది. నొక్కకపోతే మందు గొంతులోకి జారుతుంది. చుక్క వేసుకున్నాక నోరు చేదు కావడం అందుకే. రెండు రకాల మందులు ఉంటే మధ్యలో ఐదు నిమిషాలు ఆగాలి.

తాత చెయ్యి వణుకుతుంది. గురి కుదరదు. అందుకని ఆ పని బిడ్డ తీసుకుంది. ఆమె డ్యూటీకి పోయే ముందు, రాత్రి తొమ్మిదికి ఐదు నిమిషాలు ఉండగా తాత మంచం మీద వాలుతాడు. ఆమె చేతులు కడుక్కొని వచ్చి చుక్క వేస్తుంది. కంటి మూలలో వేలు పెట్టి గోడ గడియారం చూస్తూ నిలబడుతుంది.

మొదటి రోజు కింద క్యాబ్ హారన్ మోగింది. బిడ్డ వేలు తీయబోయింది.

"ఆగనీయవే. ఇంకా ఒక్క నిమిషమే అయింది" అన్నాడు తాత.